సత్యానందంగారి జాబితా

కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పాఠం జీతం కోసం చెప్పాను. దాని పక్కనే ఇంకో పని చేశాను. మన జిల్లాల నుంచి బయటికి వెళ్ళి మరుగునపడిన మనుషుల కాగితాలు వెతికి, వాళ్ళ గురించి రాయడం ఆ పని. ఇప్పుడు అందులోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఎక్కడ వెతకాలి సార్, ఏం చదవాలి సార్ అని అడుగుతుంటారు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది భయం గురించి.

చనిపోయిన మనిషి పేరు పక్కన మనం ఒక మాట రాసి అచ్చు వేస్తాం. ఆయన వచ్చి అది నిజం కాదని చెప్పలేడు. ఆయన మనుషులు మాత్రం ఏదో ఒక ఊళ్ళో ఉంటారు. ఆ మాట వాళ్ళ గుమ్మం దాకా పోతుంది. నేను రాసిన మాట ఒకటి అలా పోయింది. పన్నెండేళ్ళు దాటింది. ఇప్పటికీ ఏదైనా రాసి పంపాక రెండు మూడు రోజులు అన్నం సయించదు. ఫోను మోగితే నా భార్యను తియ్యమంటాను. ఈ భయం ఎప్పుడు పోతుందా అని ఒకప్పుడు ఎదురుచూశాను. ఇప్పుడు చూడడం లేదు.

కమిటీలు, ప్రమోషన్లు, సన్మానాలు ఇక్కడ రాయను. ఒక్క మనిషి సంగతి రాస్తాను.

మలయా సత్యానందం

ఆయన పేరు డి. సత్యానందం. బేతంచెర్ల దగ్గర ఒక చిన్న ఊరు. కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబం. మిషన్ బడిలో చదివి, మద్రాసు పోయి, ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా అయ్యారు. ఆ రోజుల్లో మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటల్లో తమిళులూ తెలుగువాళ్ళూ వేలమంది కూలికి ఉండేవారు. వాళ్ళ మంచిచెడ్డలు చూడడానికి ఇక్కడి బ్రిటిషు ప్రభుత్వం అక్కడొక ఏజెంటు ఆఫీసు నడిపేది. సత్యానందంగారిని ఆ ఆఫీసుకు పంపారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళి, తెల్లవాళ్ళ పాలన ముగిసే రోజుల్లో మన దేశ ప్రతినిధి కార్యాలయంలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కొత్త దేశం తరఫున అక్కడ మాట్లాడిన కొద్దిమందిలో ఆయన ఒకరు. దౌత్యవేత్త అనే మాట ఆయన ఊళ్ళో ఎవరూ వాడలేదు. మలయా సత్యానందం అనేవారు. నేను చూసిన ఏ పుస్తకంలోనూ ఆయన పేరు లేదు.

ఆయన కాగితాల పెట్టె నాకు తెచ్చిచ్చింది జయరాజు. సత్యానందంగారి తమ్ముడి కొడుకు. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిషింగ్ మిషను మీద పనిచేసేవాడు. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి రాతిపొడి ఉండేది. ఒకరోజు ఆ రేకుపెట్టెను భుజాన పెట్టుకుని బస్సు దిగి, నేరుగా మా డిపార్ట్‌మెంటుకే వచ్చాడు.

"మా పెదనాయన కాగితాలు సార్. ఇంట్లో పెడితే చెదలు తింటాండాయి. మీరైతే చదివి నాలుగు ముక్కలు రాస్తారని తెచ్చినా" అన్నాడు.

ఆయన గురించి మీకేం తెలుసు అని అడిగాను.

"జపానోళ్ళు వచ్చినప్పుడు దొరలంతా పడవలెక్కి పారిపోయినారంట సార్. మా పెదనాయన మాత్రం కూలోళ్ళను ఇడిసిపెట్టి పోలే. సివరిదాకా ఆడనే ఉన్న్యాడు. మా చర్చి గోడకు రాయి గూడా ఉండాది, సూస్తురుగాని రాండి."

వెళ్ళి చూశాను. నల్లటి పలక మీద ఆయన పేరు, కింద 'కష్టకాలంలో కూలీలను విడువక చివరివరకు నిలిచినవాడు' అని చెక్కి ఉంది. నోట్సులో రాసుకున్నాను. ఈ మాట ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు అని అడగాలని తోచలేదు. రాతి మీద ఉంది కదా అనుకున్నాను.

గుండుసూదులు

పెట్టెను డిపార్ట్‌మెంటులో బల్ల మీద పెట్టి తెరిచాను. పైన అట్ట ఊడిన బైబిలు, కింద కట్టలు కట్టలుగా కాగితాలు. కట్టలకు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. అన్నీ తుప్పు పట్టినవే. తుప్పు కాగితాన్ని తినేస్తుంది కాబట్టి సూదులు తియ్యాల్సిందే. తీశాను. తీసేముందు ఏ కాగితం ఏ కాగితంతో కలిసి ఉందో రాసి పెట్టుకోవాలి. అది చెయ్యలేదు. ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో, పొడుగు కాగితాలన్నీ ఇంకో ఫైల్లో, ఫోటోలు ఒక కవర్లో పెట్టాను. రెండు మధ్యాహ్నాల్లో బల్ల శుభ్రమైంది. అట్టల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి, కాసేపు దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను. నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా పెద్ద తప్పు చేసింది ఆ రెండు మధ్యాహ్నాల్లోనే.

పొడుగు కాగితాల ఫైల్లో ఒక జాబితా దొరికింది. పద్నాలుగు పేజీలు, ఇంగ్లీషు టైపు. 'సయాంకు పంపిన కూలీలు' అని పైన శీర్షిక. కింద పేర్లు, తోట పేరు, సొంత ఊరు. కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు. చివరి పేజీలో సత్యానందంగారి సంతకం. తేదీ లేదు.

సయాం అంటే ఇప్పటి థాయిలాండ్. ఆ పేరు చూస్తే చరిత్ర చదివినవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది జపాను సైన్యం అడవుల్లో వేయించిన రైలు దారి. మలయా తోటల నుంచి మన కూలీలను బళ్ళకెత్తి ఆ పనికి తోలారు. ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ జాబితాను మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివాను. ఈయన చివరిదాకా అక్కడే ఉన్నాడని ఊరంతా అంటోంది. ఇంగ్లీషు వచ్చిన గుమస్తాలను జపాను వాళ్ళు పనిలో పెట్టుకున్నారని చదివాను. పంపినవాళ్ళ జాబితా మీద ఈయన సంతకం ఉంది. మూడూ కలిపితే వచ్చే అర్థం ఒక్కటే అనిపించింది.

మా డిపార్ట్‌మెంటు హెడ్డు రంగనాథంగారు. పాఠం మొదలుపెడితే వెనక బెంచీ వాళ్ళు కూడా కబుర్లు ఆపి వినేవారు. ఆయన దగ్గర నేను మాట్లాడడం నేర్చుకున్నాను. కాగితం చదివే ఓపిక మాత్రం ఆయనకు లేదు. నెలలో సెమినార్ ఉంది. జాబితా చూపించి, తేదీ లేదు సార్, ఆ ఇంటూ గుర్తులేమిటో కూడా తెలియడం లేదు, ఇంకొన్నాళ్ళు చూస్తాను అన్నాను.

"సంతకం ఉండాది గదప్పా. ఇంగేం కావాల నీకు? మంచోడు మంచోడని రాస్తే ఎవురు చదువుతారు? ఇది శానా పెద్ద సంగతి. చదివెయ్" అన్నారు.

తప్పు ఆయన మీదికి తోయడానికి ఇది రాయడం లేదు. వద్దు సార్ అని ఒక్క మాట అంటే ఆయన ఇంకో పేపరు పెట్టించేవారు. నాకే చదవాలని ఉంది. సెమినార్‌లో చదివాను. తర్వాత చప్పట్లు కొట్టారు. మూడో రోజు ఒక పేపరు జిల్లా పేజీలో, కూలీలను చావుకు పంపిన కర్నూలు దౌత్యవేత్త అని పెద్ద అక్షరాలతో వేశారు. నా ఫోటో కూడా వేశారు.

ఫోను

ఆ పొద్దున జయరాజు ఫోను చేశాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"సార్, పెట్టె మీకిచ్చింది మేమే గదా" అన్నాడు.

అవును జయరాజూ అన్నాను.

"మా కాగితాలతోనే మమ్మల్ని కొట్టినారు. ఇస్కూల్లో నా మనవరాల్ని మీ తాత సంపినోడంట గదా అని అడిగినారంట. చర్చిలో రాయి తీసేయాలని అంటాండారు. పై ఆదివారం కమిటీ కూర్చుంటాది."

కాగితంలో ఉన్నదే రాశానని ఏదో చెప్పబోయాను. అప్పటికే పెట్టేశాడు.

ఆ రోజు నుంచి నాకు నెమ్మది లేదు. తరగతిలో బోర్డు వైపు తిరిగితే వెనక ఎవరో గుసగుసలాడుతున్నట్టు ఉండేది. మనం నిజమే రాశాం, నిజం రాస్తే కొందరికి బాధ కలుగుతుంది అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. చెప్పుకోవడం అవగానే ఆ తేదీ లేని సంతకం కళ్ళముందుకు వచ్చేది. రెండు రోజులు చూసి, మూడో రోజు జయరాజుకు నేనే ఫోను చేసి, సత్యానందంగారి పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగాను. ఈ ప్రశ్న నేను పెట్టె తీసుకున్న రోజే అడగాల్సింది.

"సుగుణక్క ఉండాది గదా. కల్లూరులో. నర్సుగా చేసి రిటైరయింది. ఇన్నాళ్ళకు అడగతాండారా?" అన్నాడు.

నేనుండే చోటి నుంచి కల్లూరుకు షేర్ ఆటోలో పావుగంట.

సుగుణమ్మగారి ఇల్లు

ఆటో దిగాక ఆ వీధి చివర వరకు రెండుసార్లు నడిచి వెనక్కి వచ్చాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. మూడోసారి ఆమే తలుపు తీసి నిలబడింది. డెబ్బై అయిదు దాటిన మనిషి. తెల్లచీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు.

"మీరేనా? పేపర్లో ఫోటో సూసినా. ఎండలో ఏంటికి తిరుగుతాండారు, లోపలికి రాండి" అంది.

లోపల కూర్చున్నాను. ఫ్యాను కింద పేపరు మడిచి పెట్టి ఉంది. క్షమాపణ చెప్పడానికి వచ్చానో, అడగడానికి వచ్చానో నాకే తెలియని స్థితిలో, మీ నాన్నగారి గురించి అన్నాను.

"నాలుగుసార్లు చదివినా. మా నాయన జపానోళ్ళ కింద పన్జేసినాడని మీకెవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. చివరిదాకా అక్కడే ఉన్నారని మీవాళ్ళు చెప్పారు. జాబితా మీద సంతకం ఉంది. రెండూ కలిపి చూసి..."

"మావాళ్ళంటే ఎవురు? జయరాజా? వాడు అప్పటికి పుట్టనే ల్యా. చర్చిలో రాయి పెట్టినోళ్ళు ఒగరన్నా మలయా సూసినోళ్ళు గాదు." తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మా నాయన ఆడ ఉండలేదు సార్. జపానోళ్ళు రాకముందే మాతోపాటు పడవెక్కినాడు. ఆ పడవలో నేనుండా."

ఆమె ఆగకుండా చెప్పింది.

"నాకు నాలుగేండ్లు. మా యమ్మ నన్ను టవలుతో నడుముకు కట్టుకునింది. రేవు గేటుకాడ జనం. కూలోళ్ళను లోపలికి రానీలే. ఆఫీసులో నీళ్ళు పోసే ముసలాయన ఒగాయన మా సామాను మోసుకొని వచ్చినాడు. గేటు బయటే నిలబడి, దొరా, మళ్ళెప్పుడొస్తారు అని అడిగినాడు. మా నాయన, వారంలో వస్తా అన్న్యాడు. నాకు బాగా గుర్తుండాది. పడవలో మా నాయన గోడ తట్టుకు తిరిగి కూర్చున్న్యాడు. ఎవురితోనూ మాట్లాడలే."

"ఇది మీరు ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"ఎవురడిగినారు? ఊర్లో వాళ్ళు, ఉండిపోయినాడు, ఉండిపోయినాడు అని సంబరంగా చెప్పుకుంటాంటే మా నాయన లేసి బయటికి పోయేటోడు. వారం అనే మాట మా ఇంట్లో అనకూడదు. పోస్టు వారంలో వస్తాది నాయనా అన్నా గూడా ఆ పొద్దు అన్నం తినేటోడు గాదు. యుద్ధం అయిపోతానే మళ్ళీ పోయినాడు. మా యమ్మ ఏడ్చి మొత్తుకున్నా ఇన్లే. తోట తోటకూ పోయి, ఎవురు వచ్చినారు, ఎవురు రాలే అని పేర్లు రాసుకుంటా తిరిగినాడంట. ఆ ముసలాయన దొరకలేదని మా యమ్మకు రాసినాడు. ఆ కాగితాలన్నీ ఆ పెట్టెలోనే ఉండాల. మీరు సూడలేదా?"

చూశాను. చూసి, విడదీశాను. ఆ మాట ఆమెకు చెప్పలేక లేచాను.

గుమ్మం దగ్గర ఆమె అడిగింది. "మీరు నన్ను ఏంటికి అడగలేదు సార్? నేను ఈడనే ఉండా గదా."

 

తుప్పు మచ్చలు

నేరుగా కాలేజీకి వెళ్ళాను. సెలవు రోజు. వాచ్‌మన్ గది తెరిచాడు. ఉత్తరాల ఫైలు ముందేసుకుని ఒక్కొక్కటీ చదివాను. ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయాను. అది అంతకుముందు చదివినదే. సత్యానందంగారు పై అధికారికి రాసినది, యుద్ధం ముగిసిన తర్వాతి తేదీ. దీనితో జతచేసిన జాబితా అని మొదటి వాక్యంలోనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు జాబితా పోయింది కాబోలు అనుకుని పక్కన పెట్టేశాను.

పొడుగు కాగితాల ఫైల్లోంచి జాబితా మొదటి పేజీ తీసి, ఉత్తరం మీద పెట్టి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాను. పై మూల ఎడమవైపు రెండు సూది రంధ్రాలు. ఉత్తరంలోనూ అక్కడే రెండు. రెండింటి చుట్టూ ఒకే ఆకారంలో తుప్పు మచ్చ. టైపు కూడా ఒకే మిషను మీద కొట్టినదే. ఒక అక్షరం రెండు కాగితాల్లోనూ కొంచెం కిందికి జారి ఉంది.

ఉత్తరంలో ఉన్నది ఇది. తోటల నుంచి జపాను సైన్యం సయాంకు తోలినవారిలో తిరిగి రానివారి పేర్లు, వాళ్ళ ఇళ్ళలో, తోటి కూలీల దగ్గర అడిగి రాశానన్నారు. తోటివాళ్ళు కళ్ళారా చావు చూసి చెప్పిన పేర్ల పక్కన ఇంటూ పెట్టానని, మిగిలినవాళ్ళ సంగతి ఎవరికీ తెలియదని రాశారు. ఇండియాలో వాళ్ళ సొంత ఊళ్ళకు కబురు పంపించమని వేడుకున్నారు. చివర్లో, ఆపదలో వాళ్ళను వదిలి వెళ్ళిన ఆఫీసులో తానూ ఒకడు కాబట్టి ఈ పని తనే చెయ్యాలని ఒక వాక్యం. దానికి జవాబు పెట్టెలో ఎక్కడా కనబడలేదు.

చావుకు పంపిన మనిషని నేను అచ్చువేసిన ఆయన, చచ్చిపోయినవాళ్ళ పేర్లు వెతుక్కుంటూ తోటలు తిరిగాడు. ఆ పేర్లనూ ఆ ఉత్తరాన్నీ సూదితో గుచ్చి భద్రంగా పెట్టుకున్నాడు. నేను ఆ సూది తీశాను.

పరువు

మర్నాడు రెండు కాగితాలూ పట్టుకుని రంగనాథంగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అయ్యేదేదో అయింది. సెమినార్ పుస్తకం వచ్చేటప్పుడు మెల్లగా మారుద్దాంలే. ఇప్పుడు పేపరోళ్ళకు చెప్తే డిపార్ట్‌మెంటు పరువు ఏం గావాల?"

ఇక్కడ నిజం రాయాలి. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దాయనే అన్నాడు కదా, నాదేముంది అనుకున్నాను. అలా రెండు రోజులు ఊరుకున్నాను. ఆదివారం దగ్గర పడుతోంది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే నా భార్య విషయం అడిగింది. అంతా చెప్పాను.

"చనిపోయిన ఆయన పరువు పేపర్లో తీసి, మీ పరువు మాత్రం బీరువాలో దాచుకుంటారా?" అంది.

ఆ సాయంత్రం పేపరు ఆఫీసుకు వెళ్ళి సవరణ రాసిచ్చాను. వేశారు. లోపలి పేజీలో, టెండరు ప్రకటన కింద, నాలుగు వరుసలు. తప్పును పెద్ద అక్షరాలతో వేసి సవరణను అడుగున వేస్తారని నాకు తెలియంది కాదు. నేనే స్వయంగా వెళ్ళి చెప్పక తప్పదని అర్థమైంది. రంగనాథంగారు ఆ తర్వాత నాతో మామూలుగానే ఉన్నారు. కానీ ఏ సెమినార్‌కూ నా పేరు చెప్పలేదు.

ఆదివారం

బేతంచెర్లలో బస్సు దిగితే జయరాజు ఎదురుచూస్తున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ముందే ఫోనులో అంతా చెప్పాను. మోటారు సైకిలు స్టార్టు చెయ్యకుండా నిలబడ్డాడు.

"సార్, జాబితా సంగతి చెప్పండి. పడవ సంగతి వొద్దు."

"పడవ చెప్పకపోతే ఆయన అక్కడ లేడని ఎలా నమ్ముతారు జయరాజూ?"

"ఉత్తరం ఉండాది గదా. అది చాలు. పడవెక్కి పోయినాడంటే ఇంగ రాయి మీద రాసిందానికి అర్థమేముండాది? మా నాయన అది సూసుకుంటా సచ్చిపోయినాడు."

ఒకసారి వీళ్ళను దెబ్బతీసినవాణ్ణి. రెండోసారి తీయమంటోంది నా పని. మీ సుగుణక్క ఏమంటే అదే చేస్తానని చెప్పాను. ఆమె అప్పటికే వచ్చి, చర్చిలో ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో చాప మీద కూర్చుని ఉంది. వెళ్ళి వంగి అడిగాను.

"రెండూ చెప్పండి. సగం చెప్పేదానికైతే ఇంత దూరం ఏంటికి వచ్చినారు?" అంది.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచారు. తప్పు రాశానని చెప్పాను. సూదులు తీసి కాగితాలు కలగాపులగం చేశానని, ఈమెను అడగలేదని చెప్పాను. ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. తర్వాత పడవ సంగతి చెప్పాను. జయరాజు తల వంచుకున్నాడు. వెనక ఒక పెద్దాయన, క్వారీలో పనిచేసి చేతులు కాయలు కాసిన మనిషి, లేచి అడిగాడు.

"అట్లయితే సార్, ఆ రాయి మీద రాసింది అబద్ధమే గదా?"

అవునన్నాను.

సుగుణమ్మగారు చాప మీంచి మెల్లగా లేచి నిలబడింది. "అబద్ధమేనప్పా. మా నాయన ఎప్పుడూ ఆ మాట చెప్పలే. మనమే చెప్పుకున్న్యాం. ఆయన వాళ్ళను ఇడిసి పోయినాడు. మళ్ళీ ఎవురూ పొమ్మనకున్నా ఆడికే తిరిగి పోయినాడు. రాయి మార్చండి. ఆ రెండు ముక్కలే రాయండి."

కమిటీ కూర్చుని ఒప్పుకుంది. కొత్త పలక కోయించి పాలిష్ పట్టింది జయరాజే. అక్షరాలు చెక్కించేముందు నాకు ఫోను చేసి, స్పెల్లింగులు సరిగా ఉండాయా సార్ అని అడిగాడు. అంతకుమించి మాట్లాడలేదు. నాతో మామూలుగా మాట్లాడడానికి వాడికి ఏడాది పట్టింది. నేను దాన్ని తక్కువనే అనుకున్నాను.

మూడు పేర్లు

ఇక్కడితో ఆపితే నా తప్పు దిద్దుకున్న కథ అవుతుంది. కానీ ఆ తర్వాత జరిగిందే నాకు ఎక్కువ నేర్పింది.

చర్చిలో విన్నవాళ్ళెవరో కడప వైపు బంధువులకు చెప్పారు. మలయా పోయి రానివాళ్ళ పేర్లు కర్నూల్లో ఒక సారు దగ్గర ఉన్నాయని. కొన్ని నెలలకు ఓబులమ్మ అనే ఆమె మా ఇంటికి వచ్చింది. కడప దగ్గర పల్లె. యాభై ఏళ్ళుంటాయి. తెల్లవారి బస్సెక్కి, దారి అడుగుతూ అడుగుతూ వచ్చింది. నీళ్ళు తాగి నేరుగా విషయంలోకి వచ్చింది.

"మా అవ్వ మొగుడు సార్. గంగన్న. మా యమ్మ కడుపులో ఉన్నప్పుడు మలయా పోయినాడంట. మళ్ళ రాల్యా. జాబు రాల్యా. మా అవ్వ సచ్చేదాకా బొట్టు తీయలే. తీయాల్నా, పెట్టుకోవాల్నా, ఎవురూ చెప్పల్యా ఆమెకు. పండగొస్తే ముత్తైదువులు పేరంటానికి పిలవల్నా వద్దా అని గొణుక్కుంటాండ్రి. ఆ కాయితంలో ఉండాడేమో సూడండి."

జాబితా తీసి వెతికాను. కడప జిల్లా అని ఉన్న గంగన్నలు ముగ్గురు. ఒక్కొక్కరిది ఒక్కో తోట. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో ఎలా వినబడితే అలా రాసినవి. ఆమె చెప్పిన ఊరికి మూడూ దగ్గరగానే ఉన్నాయి, ఏదీ పూర్తిగా కలవడం లేదు. తండ్రి పేరు ఎవరికీ లేదు. ఇద్దరి పక్కన ఇంటూ ఉంది. మూడో పేరు పక్కన ఏమీ లేదు.

పాత భయం మళ్ళీ వచ్చింది. ఇతనేనమ్మా అని ఒక పేరు మీద వేలు పెడితే ఆమె నమ్ముతుంది. ఇంటికెళ్ళి అందరికీ చెబుతుంది. అది వేరే ఇంటి మనిషైతే? మీ తాత ఎవరో ఖాయంగా చెప్పలేనమ్మా, ఇంకా వెతకాలి, అక్కడి కాగితాలు తెప్పించాలి, టైము పడుతుంది అన్నాను. నా జాగ్రత్త నాకే ముచ్చటగా అనిపించింది.

ఆమె వెంటనే అడిగింది.

"ఎన్ని దినాలు?"

"చెప్పలేను. దొరక్కపోవచ్చు కూడా."

"మా యమ్మ మంచంలో ఉండాది సార్. అంతవరకు ఉండదు. మూడిట్లో ఒగరు మా తాతే గదా?"

"కావచ్చు. అదీ ఖాయం కాదు."

"కాకుంటే కాకపాయె. మూడూ రాసియ్యండి."

"ముగ్గురి పేర్లూనా?"

"పేరు ఒగటే గదా సార్, గంగన్న. తోటల పేర్లు రాసియ్యండి. మూడు తావుల్లో యాడో ఒగ తావున ఉన్న్యాడని చెప్తా మా యమ్మకు. మిగతా ఇద్దరికీ ఎవురూ రాకుంటే, వాళ్ళకు గూడా మేమే ఇంటోళ్ళం అనుకుంటాం."

తెల్లకాగితం తీసి రాశాను. పేర్లు, తోటలు, పక్కన గుర్తు ఉన్నదీ లేనిదీ. వీటిలో మీ తాత ఉన్నాడని నాకు ఖాయంగా తెలియదు అని కూడా రాసి, ఆ వాక్యం ఆమెకు చదివి వినిపించాను. తలూపింది. ఆమెకు చదువు రాదు. తోటల పేర్లు నోటితో చెప్పమంది. చెప్పాను. మలయా మాటలు, ఆమె నోటికి తిరగలేదు. మళ్ళీ చెప్పమంది. నాలుగుసార్లు, అయిదుసార్లు చెప్పించుకుంది. ఎక్కడైనా తప్పు పలికితే నన్ను ఆపి, మొదటినుంచి పట్టుకుంది. మూడూ నోటికొచ్చాక కాగితం మడిచి కొంగున ముడేసుకుని లేచింది. బస్టాండు వైపు నడుస్తూ, వీధి మలుపు తిరిగేదాకా, ఆ మూడు తోటల పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటూనే పోయింది.